చెవిలో చెప్పిన స్కోరు

పోయిన వారం మనం నెవిల్ సగ్డెన్‌ని మిల్ లేన్ మైదానం మెట్ల మీద వదిలేసి వచ్చాం. థార్న్‌బెక్ రగ్బీ లీగ్ జట్టు వరసగా పదకొండు ఆటలు ఓడింది. కోచ్ తన సంచీ సర్దుకుని ఎవరికీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఈ ఏడు కూడా అట్టడుగునే మిగిలితే లీగులోంచే తీసేస్తామని పెద్దల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. గేటు బయట మూడు వందలమంది చలిలో నిలబడి, ఒకప్పటి కెప్టెన్ ఆల్విన్ క్రౌదర్ పేరే పాటగా పాడుతున్నారు. కొత్త కోచ్‌ని ఎన్నుకునే బోర్డులో వాళ్ళ తరఫున కూర్చునే నెవిల్, మెట్లెక్కుతూ వాళ్ళవైపు తిరిగి, "నా ఓటు ఆల్విన్‌కే. ఇంక ఇళ్ళకెళ్ళి టీ తాగండి" అని మాటిచ్చాడు.

ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. మైదానం గడ్డకట్టుకుపోయి ఆ శనివారం ఆట లేదు, ఆట లేని శనివారం ఆ ఊరివాళ్ళకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. బొగ్గుగని మూతపడి ఎనిమిదేళ్ళయింది. తివాచీల మిల్లులో సగం మగ్గాలు ఆగిపోయాయి. ఈ జట్టు కూడా పోతే థార్న్‌బెక్ అనే ఊరు ఒకటుందని పక్క ఊరివాళ్ళు కూడా మర్చిపోతారు. పదకొండు గంటలకి బోర్డు గదిలో కూర్చున్న ఏడుగురికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

ముందు ఆస్ట్రేలియా మనిషిని పిలిచారు. రెక్స్ డోహర్టీ అని, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. టీ వద్దన్నాడు. కసాయి స్టాన్లీ తన కొట్లోంచి పళ్ళెం నిండా తెచ్చిన, పందిమాంసం కూరి కాల్చిన పోర్క్ పైలని కన్నెత్తి చూడలేదు. అక్కడే సగం ఓడిపోయాడు పాపం. ఆట గురించి అరగంట చక్కగానే మాట్లాడాడు కానీ, లేవబోతూ ఒక షరతు పెట్టాడు.

"తలకి దెబ్బ తగిలి తూలినవాడు మూడు వారాలు ఆడడు. వాడు ఆడతానన్నా ఆడడు, మీరు ఆడమన్నా ఆడడు. అందుకు ఒప్పుకుంటేనే నేనొస్తా."

"మూడు వారాలా!" అన్నాడు స్టాన్లీ. "మరి జలుబు చేస్తే ఎన్నాళ్ళు కూర్చోబెడతావు నాయనా?"

గది గదంతా పగలబడి నవ్వింది. నెవిల్ కూడా నవ్వాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత అతనికి ఆ నవ్వు చాలాసార్లు గుర్తొచ్చింది.

తర్వాత ఆల్విన్ వచ్చాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే నల్లకోటు, నున్నగా గీసిన గడ్డం, మూడుచోట్ల విరిగి అతుక్కున్న ముక్కు. యాభై రెండేళ్ళ మనిషి గుమ్మంలోకి వస్తే ఇప్పటికీ గుమ్మం నిండుతుంది. తిన్నగా పైల పళ్ళెం దగ్గరికి వెళ్ళి ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం స్టాన్లీ, ఈ వారం ఇందులో నిజం పంది పడిందా, లేక మన ముందువరస ఆటగాళ్ళని కోసి పెట్టావా?"

"వాళ్ళనా? వాళ్ళలో కండెక్కడుంది కొయ్యడానికి!" అన్నాడు స్టాన్లీ, మొహం వెలిగిపోతుంటే.

బోర్డు ఛైర్మన్, తివాచీల మిల్లు యజమాని గిల్బర్ట్ హోల్‌రాయిడ్ మాత్రం నవ్వలేదు. ఆయనకి ఆస్ట్రేలియా వాడు నచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని, "ఆల్విన్, కబుర్లు తర్వాత. మన గీత దగ్గర ఇరవై గజాల్లో బంతి మన చేతికొచ్చింది. తర్వాతేంటి? చేసి చూపించు" అన్నాడు.

"చూపిస్తా, దాందేముంది." ఆల్విన్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. బల్ల మీద పైలని వరసగా పేర్చి, ఉప్పు డబ్బీని బంతి చేశాడు. వంగి, ఒక్కో పైని ముందుకి జరుపుతూ మొదలుపెట్టాడు. "ఒకటి. పెద్దోణ్ణి తిన్నగా గుద్దించు. వయ్యారాలొద్దు. పడగొడతారు, పడనీ, లేచి బంతి వెనక్కి తన్నుతాడు. రెండు. మళ్ళీ వాడే. ఎదటివాళ్ళకి విసుగు పుట్టాలి. మూడు. ఇప్పుడు చూడండి, వాళ్ళంతా మధ్యకి ముడుచుకుపోయారు, పక్కన ఖాళీ. ఇటు వెడల్పుగా విసురు. నాలుగు..."

ఉప్పు డబ్బీని బల్ల మీద ఠక్కున పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"నాలుగు. అయిపోయింది. స్క్రమ్ము కట్టండి."

గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. ఈ ఆట సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్తాను. బంతి పట్టుకున్న జట్టుని ఎదటివాళ్ళు ఆరుసార్లు పడగొట్టేదాకా బంతి వాళ్ళదే. ఆరు అయ్యాక వదులుకోవాలి. థార్న్‌బెక్‌లో పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా అంకెలు నేర్చుకునేది ఆ ఆరుతోనే. నాలుగుకే ఆపి, రెండు జట్లూ బంతి కోసం కలబడి తోసుకునే స్క్రమ్ము కట్టే లెక్క ఉండేది నిజమే, ఒకప్పుడు. ఆ నియమం పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆల్విన్ మంచి వయసులో ఉండి ఆడిన రోజులవి.

ఆల్విన్ ఆరుగురి మొహాలూ చూశాడు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. అప్పుడు ఏడోవాడి వైపు, బల్ల చివర కూర్చున్న నెవిల్ వైపు, తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పాడు.

"ఆరు" అన్నాడు నెవిల్. పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు. అనాలని అనుకోలేదు, నోరే అనేసింది.

"ఆరు!" అని బల్ల గుద్దాడు ఆల్విన్. "ఏంటయ్యా ఇది? నాలుగంటే ఒక్కడూ నోరెత్తడే! నిద్రపోతున్నారేమోనని చూశా. మీరిలా నిద్రపోబట్టే పదకొండు పోయాయి!"

గది మళ్ళీ గలగలలాడింది. "అడ్డంగా దొరికిపోయాంరా నాయనా" అని స్టాన్లీ తొడ చరుచుకున్నాడు. గిల్బర్ట్ కూడా మూతి బిగపట్టుకోలేకపోయాడు. ఆల్విన్ ఇంకో పావుగంట మాట్లాడాడు, అందరితో కరచాలనం చేశాడు, బయటికి నడిచాడు. తలుపు దాకా వెళ్ళాక స్టాన్లీ లేచి, కుర్చీకున్న కోటు తీసి అందించాల్సొచ్చింది.

తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పిన ఆ చూపు నెవిల్‌కి కొత్తది కాదు. ఆ చూపుని పెంచి పోషించిందే అతను.

ముప్పై ఏళ్ళపాటు నెవిల్ ఆ క్లబ్బుకి బకెట్టు మనిషి. ఆటగాడు దెబ్బ తిని పడితే నీళ్ళ బకెట్టూ, స్పాంజీ పట్టుకుని పరిగెత్తేది అతనే. మెడ మీద చన్నీళ్ళు పిండేవాడు, ముక్కు దగ్గర ఘాటు మందు పెట్టేవాడు. మోకాళ్ళ నొప్పుల ముసలి డాక్టరు స్టాండులోంచి మెట్లు దిగి మైదానం మధ్యకి వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టేది. వచ్చి ఎప్పుడూ అవే మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎక్కడున్నాం? ఎవరితో ఆడుతున్నాం? స్కోరెంత? మూడూ చెప్తే ఆట, చెప్పకపోతే ఇంటికి.

ఆ రెండు నిమిషాల్లో నెవిల్ వాళ్ళ చెవిలో జవాబులు చెప్పేవాడు.

అది తప్పని ఆ రోజు ఎవరికీ తోచలేదు. డెబ్బై ఒకటిలో కప్పు సెమీఫైనల్లో ఎదటివాడి మోచెయ్యి తగిలి ఆల్విన్ బోర్లా పడ్డప్పుడు, కళ్ళు తెరిచినవాడు మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? "మా అమ్మ వచ్చిందా?" అని. తల్లి పోయి అప్పటికి ఆరేళ్ళు. నెవిల్ స్పాంజి పిండుతూ, "మనం రెడ్‌షాతో ఆడుతున్నాం, పన్నెండు తొమ్మిది, మనమే వెనక. డాక్టరొస్తున్నాడు. అనరా, పన్నెండు తొమ్మిది" అని మూడుసార్లు అనిపించాడు. ఆల్విన్ కళ్ళు పక్కకి తిప్పి అతని పెదాలు చూస్తూ డాక్టరుకి అప్పజెప్పాడు. తర్వాత అరగంట ఆడి, బంతిని గీత దాటించి గెలిపించే ట్రై కొట్టాడు. ఆ అరగంటలో ఏం జరిగిందో అతనికి ఈనాటికీ తెలియదు. ఆ సాయంత్రం ఊరంతా ఆల్విన్‌తో పాటు నెవిల్‌ని కూడా భుజాల మీద మోసింది. "నెవిల్ బకెట్టు నీళ్ళు తగిలితే శవం కూడా లేచి పరిగెడుతుంది" అని జోకు. ఆ జోకుకి నెవిల్ ఎన్నో ఏళ్ళు ఉబ్బిపోయాడు. ఉబ్బిపోయాడని ఒప్పుకోవడానికి ఇవాళ అతనికి సిగ్గుగా ఉంది.

ఓటుకి ముందు పది నిమిషాలు టీ అన్నాడు గిల్బర్ట్. నెవిల్ కప్పు ముట్టుకోకుండా బయటికొచ్చాడు.

వరండాలో, గాజు తలుపు ఎదురుగా ఉన్న బల్ల మీద ఆల్విన్ భార్య మేవిస్ కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి, సంచి మీద రెండు చేతులూ. ఆల్విన్ అక్కడ లేడు.

"ఎక్కడికెళ్ళాడు?" అన్నాడు నెవిల్.

"కింద, బట్టలు మార్చుకునే గదిలో. తన కొక్కెం కింద కూర్చుంటానన్నాడు." ఆమె తలెత్తింది. "నువ్వు చెప్పావు కదూ?"

"ఏం చెప్పాను?"

"నాతో ఆడకు నెవిల్. గాజులోంచి చూశా. నీ పెదాలు కదిలాయి. పెళ్ళైన దగ్గర్నుంచి ప్రతి శనివారం ఆ పెదాలు కదలడం స్టాండులోంచి చూసినదాన్ని, ఆ మాత్రం గుర్తుపట్టలేనా?"

నెవిల్ ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది. మొదట తాళాలు మర్చిపోయేవాడు, అందరూ మర్చిపోతారులే అనుకున్నా. పోయిన ఎండాకాలం తోటకెళ్ళి ఉల్లిపాయలు తెస్తానన్నవాడు సాయంత్రానికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే గని గేటు ముందు నిలబడి ఉన్నాడు, పనిలోకి వేళైంది, గేటు తియ్యరేంటని తిడుతూ. గేటు ఎక్కడుంది నెవిల్? అక్కడ ఇప్పుడు గడ్డి మొలిచింది."

"డాక్టరు చూశాడా?"

"చూశాడు. ఫొటోలు తీశారు. మెదడు ఎండిపోతోందన్నాడు. ఆడే రోజుల్లో తలకి దెబ్బలేమైనా తగిలాయా అమ్మా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆసుపత్రిలో, అందరి ముందూ, ఆపుకోలేక నవ్వాను." ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. "ఏమైనా తగిలాయా అట!"

నెవిల్, "అయితే మరి ఈ ఉద్యోగానికి ఎందుకు రానిచ్చావు మేవిస్? నువ్వు ఆపాలి కదా!" అన్నాడు.

"ఆపడమా? ఆ కాగితం నింపిందే నేను."

అతను ఆమెవైపు నమ్మలేనట్టు చూశాడు.

"ఇంట్లో బాత్రూము ఎక్కడని రోజుకి రెండుసార్లు అడుగుతాడు" అంది మేవిస్. "పాతికేళ్ళుగా ఉంటున్న ఇల్లు. ఇక్కడికొస్తే కళ్ళు మూసుకుని నడుస్తాడు. ఏ కొక్కెం ఎవరిదో చెప్తాడు. ఇంకో ఏడాదో, ఏడాదిన్నరో మనిషిగా ఉంటాడు. ఆ ఏడాదీ తనకి తెలిసిన చోట ఉండనీ. పక్కన నువ్వు కూర్చో. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగేనా?"

"చెవిలో చెప్పు. ఎవర్ని దింపాలో, ఎంతైందో, ఎన్నోదో. అతను పైకి అంటాడు. నీకు చేతనైన పనే కదా."

"మేవిస్, అది కుదరదు. అక్కడ పదముగ్గురు ఆడుతుంటారు. ఒకడు పడితే వాణ్ణి ఉంచాలో దించాలో ఆల్విన్ చెప్పాలి. వాడికే తెలియకపోతే..."

"నీకు తెలుసా అప్పుడు?" ఆమె గొంతు ఎక్కడా హెచ్చలేదు. "నువ్వు ఉంచావో దించావో నేను చెప్పనా? పద్నాలుగేళ్ళు ఆడాడు. ఒక్కసారి కూడా దించలేదు."

"ఆడతానని వాడే అనేవాడు మేవిస్. దేవుడి మీద ఒట్టు, వాడే అనేవాడు. దించితే చంపేస్తాననేవాడు."

"అమ్మ వచ్చిందా అని అడిగేవాడి మాట నువ్వు విన్నావా?"

ఆ మాట ఆమెకెలా తెలిసిందని నెవిల్ అడగలేదు. తెలిసింది, అంతే. బహుశా ఇప్పుడు ఇంట్లో కూడా అడుగుతున్నాడేమో. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు, చేతిసంచి తెరిచి రుమాలు తీసి అతనికే ఇచ్చింది.

"నేను నీ మీద కోపంతో అడగట్లేదు" అంది. "నాకింకెవరూ లేరు. అందుకని అడుగుతున్నా."

నెవిల్ కిందికి దిగాడు. బట్టలు మార్చుకునే గదిలో గోడ పొడుగునా కొక్కేలు, తడి సున్నం వాసన, కండరాల నూనె వాసన. పదమూడో నంబరు కొక్కెం కింద ఆల్విన్ కూర్చుని ఉన్నాడు. బూటు లేసు ఒకటి విప్పి, విప్పింది ఎందుకో తెలియక దాన్నే చూస్తున్నాడు.

"నెవిల్! రా, కూర్చో." లేసు వదిలేసి, "నిజం చెప్పరా. ఇందాక నాలుగన్నానా?" అన్నాడు.

"అన్నావ్."

"ఆరు కదా."

"ఆరే."

"నాకు తెలుసు. తెలుసురా! చచ్చినా మర్చిపోను. నోటికి రాలేదంతే." ఆ పెద్ద చెయ్యి నెవిల్ మోకాలి మీద పడింది. "పైన ఏమంటున్నారు?"

"టీ తాగుతున్నారు."

"గెలుస్తామా?"

గెలుస్తానా అనలేదు, గెలుస్తామా అన్నాడు. నెవిల్ వంగి అతని బూటు లేసు కట్టాడు. ముడి వెయ్యడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే తలెత్తితే కళ్ళు కనిపిస్తాయి.

"నాకు చెయ్యెత్తుతావు కదరా?" అన్నాడు ఆల్విన్ పైనుంచి. "గేటు దగ్గర వాళ్ళకి చెప్పావట. మేవిస్ చెప్పింది. నాకింకేం అక్కర్లేదు నెవిల్. ఇంట్లో అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. ఇక్కడైతే అరుస్తారు."

పైకి వెళ్ళాలి, నువ్వు మేవిస్ దగ్గరికి వచ్చి కూర్చో అని నెవిల్ అతని చెయ్యి పట్టుకుని లేపాడు. మెట్ల మీద ఆల్విన్ ముందు నడిచాడు, ఒక్క మెట్టు కూడా తడుముకోకుండా. మేవిస్ చెప్పింది నిజమే.

ఓటు మొదలైంది. డోహర్టీకి ఎవరు? గిల్బర్ట్ చెయ్యి, ఇంకో రెండు చేతులు. ఆల్విన్‌కి ఎవరు? స్టాన్లీ రెండు చేతులూ ఎత్తి, "ఒకటి నాది, ఒకటి మా ఆవిడది" అన్నాడు. ఆవిడది లెక్కలోకి రాదన్నాడు గిల్బర్ట్. ఇంకో ఇద్దరూ ఎత్తారు, ఇటూ మూడే. అందరూ బల్ల చివరికి తిరిగారు.

"నీదే నెవిల్" అన్నాడు గిల్బర్ట్. "దాచడమెందుకు, నువ్వెటో ఊరంతటికీ తెలుసు. కానివ్వు."

కిటికీ అవతల పాట ఆగలేదు. ఆ మూడు వందలమందీ అతని చెయ్యి కోసమే చూస్తున్నారు. చెయ్యెత్తితే, పక్కన కూర్చుని చెవిలో చెప్తూ ఇంకో పదముగ్గురు కుర్రాళ్ళని మైదానంలోకి పంపాలి, వాళ్ళలో ఎవడైనా పడితే వాణ్ణి లేపి నిలబెట్టేది మళ్ళీ తనే. ఎత్తకపోతే ఆల్విన్‌కి మిగిలిన ఒక్క చోటూ ఊడబెరికి, బాత్రూము దొరకని ఇంటికి పంపించాలి. ఎందుకు ఎత్తలేదని అడుగుతారు. చెప్పాలి. ఆల్విన్‌కి ఇలా అయింది అని చెప్తే, ఎందుకయింది అంటారు. అదీ చెప్పాలి.

అంత ధైర్యం ఉంటే అతను ముప్పై ఏళ్ళ కిందటే చెప్పేవాడు. నేను అతన్ని వెనకేసుకు రావడం లేదు. తను చేసింది తన నోటితో ఒప్పుకోలేక, ఆ పని కూడా ఆల్విన్ చేతే చేయించబోయాడు. నన్నడిగితే అతను బతుకులో చేసిన పనులన్నిట్లోకీ చెడ్డది అదే.

"చెయ్యెత్తే ముందు ఆల్విన్‌ని ఒక్కసారి లోపలికి పిలవండి" అన్నాడు నెవిల్. "మూడు ప్రశ్నలున్నాయి."

"మళ్ళీ ప్రశ్నలేంటయ్యా!" అన్నాడు స్టాన్లీ. "పై చల్లారిపోతోంది."

"పిలవండి."

గిల్బర్ట్ లేచి తలుపు తీశాడు. ఆల్విన్ లోపలికొచ్చాడు. గెలిచాననుకున్నాడు కాబోలు, మొహం నిండా నవ్వు. అతని వెనక గాజు తలుపు మూసుకుంది. గాజు అవతల మేవిస్ లేచి నిలబడింది.

"ఆల్విన్" అన్నాడు నెవిల్. "మనం ఎక్కడున్నాం?"

"మిల్ లేన్‌లో. ఇంకెక్కడ? పిచ్చి పట్టిందారా నీకు?" ఒకరిద్దరు నవ్వారు.

"పోయిన శనివారం ఎవరితో ఆడాం?"

నవ్వినవాళ్ళు ఆగి నెవిల్ వైపు వింతగా చూశారు. అదేం ప్రశ్న? రెడ్‌షా చేతిలో ముప్పై నాలుగు, ఆరు. ఊళ్ళో ఎవర్ని నిద్ర లేపి అడిగినా చెప్తారు. ఆ ఆటని ఆల్విన్ ఈ నెవిల్ పక్కనే కూర్చుని, ఒకే దుప్పటి ఇద్దరూ కాళ్ళ మీద కప్పుకుని, మొదట్నుంచి చివరిదాకా చూశాడు.

ఆల్విన్ నోరు తెరిచాడు. మూశాడు. బల్ల మీద ఇందాక తను పేర్చిన పైల వరస చూశాడు, అందులో ఏమైనా రాసి ఉందేమోనన్నట్టు.

"స్కోరెంత ఆల్విన్?"

గిల్బర్ట్ కళ్ళజోడు తీశాడు. స్టాన్లీ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. గాజు అవతల మేవిస్ తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దంటూ. ఆల్విన్ ఎవర్నీ చూడలేదు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి, నెవిల్ పెదాలు చూశాడు. నెవిల్ పెదాలు బిగించాడు. రక్తం వచ్చేలా పంటి కింద నొక్కిపెట్టాడు.

ఆల్విన్ ఎదురుచూశాడు. ఎప్పుడూ వచ్చే మాట ఈసారి రాలేదు. అప్పుడతను బల్ల అంచు పట్టుకుని, మెల్లగా, ఆ బరువైన ఒళ్ళు వంచి, గడ్డి మీద వంచినట్టే చెవిని నెవిల్ నోటి దగ్గరికి తెచ్చాడు.

"తొందరగా చెప్పరా నెవిల్" అన్నాడు గుసగుసగా. "డాక్టరొచ్చేస్తున్నాడు."